అమ్మమ్మగారిల్లు ఎవరిది?

వేసవి సెలవులివ్వడమే తరువాయి, "అమ్మమ్మగారింటికి వెడదాం" అని పిల్లలు మన ప్రాణాలు తీస్తారు. తాతగారి ఇంటికి అని ఎవరూ అనరు, గమనించారా? కాళ్ళకు నీళ్ళిచ్చేదీ, కొత్తావకాయ కలిపి ముద్దలు పెట్టేదీ, వచ్చేటప్పుడు బొట్టు పెట్టి రవికెలగుడ్డ చేతిలో పెట్టేదీ ఆవిడే కదా! అందుకని ఇల్లు ఆవిడదే అనుకుంటాం. కాగితం మీద మటుకు చాలాకాలం అది ఆవిడది కాదు.

నగలూ, పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన నేలా స్త్రీధనం. అది వేరు. ఉమ్మడి కుటుంబంలో భర్త పోతే ఆవిడకు దక్కేదల్లా తిండీ, బట్టా, తలదాచుకునే చోటూను. దాన్నే మనోవర్తి అన్నారు. 1937లో ఒక చట్టం వచ్చి వితంతువుకు భర్త వాటా ఇచ్చింది. ఇచ్చిందన్న పేరే గాని, అనుభవించడం వరకే. గట్టి అవసరం చూపిస్తే తప్ప అమ్మడానికి వీల్లేదు. ఆవిడ తర్వాత తిరిగి భర్త వారసులకే పోతుంది.

నెల్లూరు తులసమ్మగారి సంగతి వినండి. 1931లో భర్త పోయారు. మనోవర్తి కోసం 1944లో భర్త సోదరుడి మీద మున్సబు కోర్టులో దావా వేశారు. 1949లో రాజీ అయి కొంత ఆస్తి ఇచ్చారు. బతికినన్నాళ్ళు అనుభవించాలి, అమ్మకూడదు అని షరతు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమే పూర్తి హక్కుదారు అని దాని 14వ సెక్షను. తర్వాత ఆవిడ కొంత ఆస్తి అమ్మితే, చెల్లదని మళ్ళీ దావా! హైకోర్టులో ఓడి, 1977లో సుప్రీంకోర్టులో గెలిచారు. భర్త పోయిన 46 ఏళ్ళకు.

ఇక కూతుళ్ళు. 1956 చట్టం తండ్రి స్వార్జితంలో కొడుకుతోపాటు కూతురికీ సమానవాటా అంది. అంటూనే 23వ సెక్షనులో ఒక మెలిక పెట్టింది. కాపురముంటున్న ఇంటిని మగవారు పంచుకుంటే తప్ప ఆమె పంచమనరాదు. అక్కడ ఉండే హక్కయినా పెళ్ళికానివారికీ, భర్త వదిలేసినవారికీ, విడిపోయినవారికీ, వితంతువులకే. చక్కగా కాపురం చేసుకుంటున్న పిల్ల చుట్టపుచూపుగా రావలసిందే! ఇది రాసినవాళ్ళకు పుట్టిల్లంటే ఏమిటో తెలిసినట్టు లేదు.

మన రాష్ట్రంలో రామారావుగారి ప్రభుత్వ కాలంలో ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు ఇచ్చారు, 1985 సెప్టెంబరు 5 నుంచి. అప్పటికే పెళ్ళయినవారికి మాత్రం లేదు. ఒకే ఇంట్లో అక్కకు లేదు, చెల్లెలికి ఉంది. ఎన్ని ఇళ్ళలో మాటలు పోయాయో! 2005లో దేశమంతటికీ సవరణ వచ్చాక ఆ తేడా పోయింది, 23వ సెక్షనూ పోయింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఈసారి పిల్లల్ని తీసుకుని వెళ్ళినప్పుడు, పెద్దావిడ తీరికగా వత్తులు చేసుకునే వేళ పక్కన కూర్చుని, ఇంటి దస్తావేజు ఎవరి పేరున ఉందో అడగండి. ట్రంకుపెట్టెలో ఎక్కడుందో ఇంట్లో అందరికంటే ఆవిడకే బాగా తెలుసు.