ఫ్రాంక్ బ్రూనో: నాలుగో ప్రయత్నంలో ప్రపంచ విజేత

ఫ్రాంక్ బ్రూనో ఇంగ్లండుకు చెందిన హెవీవెయిట్ బాక్సర్. 1995 సెప్టెంబరు 2న లండన్ వెంబ్లీ స్టేడియంలో అమెరికాకు చెందిన ఒలివర్ మెకాల్‌ను ఓడించి డబ్ల్యూబీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఆ టైటిల్ అతని దగ్గర ఉన్నది ఆరున్నర నెలలే. అతనికంటే గొప్ప బాక్సర్లు బ్రిటన్‌లో పుట్టారు. జనం అంతగా తమవాడనుకున్నవారు మాత్రం అరుదు.

1961 నవంబరు 16న లండన్‌లోని హామర్‌స్మిత్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చినవారు. తండ్రిది డొమినికా, తల్లిది జమైకా. బడిలో అల్లరి, కొట్లాటలు మితిమీరడంతో ససెక్స్‌లోని ఓ వసతి పాఠశాలకు పంపారు. ఆ దుడుకుతనానికి బాక్సింగ్ ఓ దారి చూపింది. 1980లో, పద్దెనిమిదేళ్లకే, బ్రిటన్ అమెచ్యూర్ హెవీవెయిట్ విజేత అయ్యాడు. ప్రొఫెషనల్ కావడానికి చూపులోపం అడ్డొస్తే కొలంబియా వెళ్లి కంటికి శస్త్రచికిత్స చేయించుకున్నాడు.

1982లో ప్రొఫెషనల్‌గా మొదలుపెట్టి, వరసగా 21 పోటీలు గెలిచాడు. అన్నీ నిర్ణీత రౌండ్లు పూర్తికాకముందే. 1984లో జేమ్స్ స్మిత్ మీద ఆఖరి రౌండ్ వరకూ ముందంజలో ఉండి, ఆ రౌండ్‌లోనే కూలిపోయాడు. అతని బలహీనత అక్కడే బయటపడింది. కుడిచేతి దెబ్బలో ఎంత బలముందో, తను దెబ్బ తిన్నప్పుడు తప్పించుకునే నేర్పు అంత తక్కువ. ప్రత్యర్థిని పట్టుకుని ఊపిరి తీసుకోవాల్సిన చోట నిటారుగా నిలబడిపోయేవాడు. 1986లో వెంబ్లీలో టిమ్ విదర్‌స్పూన్ చేతిలో పదకొండో రౌండ్‌లోనూ, 1989లో లాస్ వెగాస్‌లో మైక్ టైసన్ చేతిలో అయిదో రౌండ్‌లోనూ ఓడిపోయాడు. అయితే టైసన్‌ను మొదటి రౌండ్‌లో ఒక ఎడమచేతి దెబ్బతో తూలేలా చేశాడు. ఆ రోజుల్లో అదే పెద్ద విశేషం.

ఓటములతో జనాదరణ తగ్గలేదు, ఇంకా పెరిగింది. బీబీసీ వ్యాఖ్యాత హ్యారీ కార్పెంటర్‌తో అతని సరదా సంభాషణలు, లోతైన గొంతు, గట్టి నవ్వు ఇంటింటికీ పరిచయం. క్రిస్మస్ హాస్య నాటకాల్లో వేషాలూ వేశాడు.

1993 అక్టోబరు 1న కార్డిఫ్‌లో మూడో ప్రయత్నం. ఎదురుగా లెనాక్స్ లూయిస్. అతనూ లండన్‌లోనే జమైకా తల్లిదండ్రులకు పుట్టాడు. కెనడాలో పెరిగి, 1988 ఒలింపిక్స్‌లో ఆ దేశానికి స్వర్ణం తెచ్చాడు. దాంతో జనంలో చాలామంది బ్రూనో పక్షమే. పోటీకి ముందు లూయిస్ అతణ్ని 'అంకుల్ టామ్' అన్నాడని వార్తలొచ్చాయి. తెల్లవారి మెప్పు కోసం సొంతవారిని మరిచిన నల్లవాడు అని ఆ మాటకు అర్థం. ఏడో రౌండ్‌లో బ్రూనో ఓడిపోయాడు. దెబ్బల కంటే ఆ మాటే అతన్ని ఎక్కువ కాలం బాధించిందని మాకు అనిపిస్తుంది. బయటివారు తమవాడని దగ్గరకు తీస్తే, సొంతవారు పరాయివాడన్నారు. తరాలుగా వేరే రాష్ట్రంలో ఉంటూ రెండు వైపులా 'మీరు ఎవరివాళ్లు?' అనిపించుకున్నవారికి ఈ బాధ వివరించనక్కర్లేదు.

లూయిస్‌ను 1994లో ఓడించి టైటిల్ తీసుకున్నవాడే మెకాల్. 33 ఏళ్ల బ్రూనో ఈసారి దూరం నుంచి ఎడమచేత్తో పాయింట్లు కూడబెట్టాడు. చివరి రౌండ్లలో మెకాల్ విరుచుకుపడితే పట్టుకుని, వాలిపోయి, ఎలాగో నిలబడ్డాడు. పదేళ్లుగా రాని విద్య ఆ రాత్రి వచ్చింది. న్యాయనిర్ణేతలు ముగ్గురూ అతనికే గెలుపు ఇచ్చారు. రింగులోనే ఏడుస్తూ, తాను అంకుల్ టామ్‌ను కాననీ, తనవారంటే తనకు ప్రేమనీ చెప్పాడు. కల నెరవేరిన నిమిషంలో అతని నోట వచ్చిన మాట అదీ!

1996 మార్చి 16న టైసన్ మూడో రౌండ్‌లోనే టైటిల్ లాక్కున్నాడు. కన్ను పోయే ప్రమాదముందని వైద్యులు చెప్పడంతో బ్రూనో ఆట మానేశాడు. 45 పోటీల్లో 40 గెలుపులు, వాటిలో 38 నాకౌట్లు.

తర్వాతి పోరు రింగు బయట. విడాకులయ్యాయి; 2002లో, చివరి ఏళ్లలో శిక్షణ ఇచ్చిన జార్జ్ ఫ్రాన్సిస్ చనిపోయాడు. 2003 సెప్టెంబరులో బ్రూనోను మానసిక ఆరోగ్య చట్టం కింద ఆసుపత్రిలో చేర్చారు. బైపోలార్ వ్యాధి అని తేలింది. 'ది సన్' పత్రిక మొదటి ముద్రణలో అతణ్ని పిచ్చివాడని ఎగతాళి చేస్తూ శీర్షిక పెట్టింది. పాఠకులు తిరగబడ్డారు. అదే రాత్రి తర్వాతి ముద్రణకు శీర్షిక మార్చక తప్పలేదు. మానసిక వ్యాధి గురించి బ్రిటిష్ పత్రికలు రాసే తీరు మీద చర్చ వస్తే ఆ రాత్రిని ఇప్పటికీ గుర్తుచేస్తారు.

2012లో మళ్లీ ఆసుపత్రిపాలయ్యాడు. బయటికొచ్చాక తన జబ్బు గురించి దాచకుండా మాట్లాడుతున్నాడు. అతని పేరిట నడిచే ఫౌండేషన్, మానసికంగా ఇబ్బంది పడేవారికి బాక్సింగ్ కసరత్తులు నేర్పుతుంది. అందులో ఒకరినొకరు కొట్టుకోవడం మాత్రం ఉండదు.