అడిగి తెలుసుకున్న కాలం

ఇప్పుడు ఏ సందేహం వచ్చినా గూగులమ్మను అడుగుతున్నాం. అంతర్జాలం లేనినాడు మా పాలమూరు సీమలో ఏం చేసేవారా అని ఆలోచిస్తే, నాకు మూడు ఊళ్ళు గుర్తొస్తాయి.

మొదటిది గద్వాల. సంస్థానం ఉన్నరోజుల్లో అక్కడ కార్తీక, మాఘ మాసాలలో జరిగే సభలకు దూరప్రాంతాల పండితులు వచ్చేవారు. ‘విద్వద్గద్వాల’ అన్న పేరు అలా వచ్చిందే. కానీ అవి పండితుల చర్చలు.

మరి మన పూర్వులు ఏం తినేవారు, ఏం కట్టుకునేవారు, ఏ ఆటలాడేవారు? రాజుల శాసనాలలో ఈ సంగతులు దొరకడం అరుదు. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు వీటికోసం పాత కావ్యాలను జల్లెడ పట్టి, 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువరించారు. అంతకుముందు, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మందితో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చినదీ ఆయనే. 1952లో వనపర్తి ప్రజలు ఆయనను శాసనసభకు పంపారు.

ఇక నాగర్‌కర్నూలు. అక్కడ స్థిరపడిన కపిలవాయి లింగమూర్తిగారు తాళపత్రాలు సేకరించారు, పాలమూరు గుళ్ళ గురించీ, ఊళ్ళ గురించీ రాశారు. ఆయన 2018లో కన్నుమూశారు.

వీరు రాసిపెట్టబట్టే మనకీపాటి తెలుస్తోంది. ఎవరూ రాయనిది గూగులమ్మకూ తెలియదు. మీ ఊరి సంగతులు తెలిసిన పెద్దలుంటే, ఈ సెలవుల్లోనే అడిగి రాసిపెట్టండని నా మనవి.