పొగ తగ్గిన దేశంలో మనం

మన గడ్డకీ పొగాకుకీ పాత చుట్టరికం. పొగాకు బోర్డు మన గుంటూరులో ఉంది. నిజామాబాద్, కరీంనగర్ ఇళ్లల్లో ఆడవాళ్లు బీడీలు చుడతారు. శ్రీకాకుళం వైపు ముసలమ్మలు చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అక్కణ్ణించి వచ్చిన మనం న్యూజిలాండ్‌లో పొగ ఎలా తగ్గిందో తెలుసుకోవాలి.

ఆ బోర్డు పెట్టిన 1976లోనే ఇక్కడి జనాభా లెక్కల్లో సిగరెట్ అలవాటు గురించి మొదటిసారి అడిగారు. పెద్దవాళ్లలో నూటికి 36 మంది తాగేవాళ్లే. 2018కి ఆ లెక్క 13కి, 2023కి 8 లోపుకి దిగింది.

ఇది ఒక్క రోజులో జరిగింది కాదు. 1963లోనే టీవీ, రేడియోల్లో సిగరెట్ ప్రకటనలు ఆపేశారు. 1990 చట్టం ఆఫీసుల్లో పొగకి కట్టడి పెట్టింది. 2004 డిసెంబర్ 10 నుంచి బార్లు, రెస్టారెంట్లు, ఫ్యాక్టరీల లోపల పూర్తిగా నిషేధం. కిచెన్లలో, బార్లలో పనిచేసే మనవాళ్లు ఇవాళ పక్కవాడి పొగ పీల్చకుండా డ్యూటీ చేస్తున్నారంటే ఆ చట్టం పుణ్యమే. 2010 నుంచి పదేళ్లపాటు ఏటా పన్ను పెంచారు.

అయినా సగటు తగ్గినంతగా మావోరీల్లో తగ్గలేదు. 2010లో పార్లమెంటులోని మావోరీ వ్యవహారాల కమిటీ దీని మీద విచారణ చేసింది. 2025కల్లా దేశంలో పొగ తాగేవాళ్లని నూటికి 5 లోపుకి తేవాలని 2011లో ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. ‘ఔకాటి కైపైపా’ లాంటి కార్యక్రమాల్లో మావోరీ కార్యకర్తలే తమవాళ్ల దగ్గర కూర్చుని, తమ పద్ధతిలో మాట్లాడి మాన్పించారు. 2011–12లో మావోరీ పెద్దల్లో రోజూ తాగేవాళ్లు నూటికి 38 మంది దాకా ఉంటే, 2023–24కి 15కి వచ్చారు. 2009లో, ఆ తర్వాత పుట్టినవాళ్లకి సిగరెట్లు అమ్మకూడదని 2022లో చేసిన చట్టాన్ని మాత్రం 2024లో రద్దు చేశారు.

మరి మన సంగతి? లెక్కల్లో మనం ‘ఏషియన్లు’ అనే గడిలో ఉంటాం. ఆ గడిలో సగటు తక్కువే. కానీ ఆడవాళ్లు దాదాపు తాగరు కాబట్టి సగటు తక్కువ. మగవాళ్ల అలవాటు దాని వెనక దాక్కుంటుంది. రాత్రి షిఫ్టు, ఇంటి బెంగ, రూమ్మేట్ల సావాసం, వీటితో కొత్తగా మొదలెట్టేవాళ్లూ ఉన్నారు. ఒక్క ప్యాకెట్టు ధర రెండు గంటల జీతం దాకా తినేస్తుంది. ఖైనీ లాంటి నమిలే పొగాకు ఇక్కడ అమ్మడమే చట్టవిరుద్ధం.

మావోరీలు చూపించిన దారి ఒకటే: మనవాళ్లకి మనమే చెప్పాలి. మానాలనుకుంటే క్విట్‌లైన్ 0800 778 778. ఫోన్ ఉచితం. పక్క మంచం తమ్ముడికి మొహమాటపడుతుంటే మనమే నంబరు కలిపి ఇద్దాం.