హెచ్‌ఐవీ: వైరస్ కంట్రోల్‌లోనే ఉన్నా సీడీ4 ఎందుకు పెరగదు? కారణాలివే..

హెచ్‌ఐవీకి రోజూ మాత్రలు వేసుకుంటున్నారు. ఒక్క డోసు కూడా మిస్ కాలేదు. వైరల్ లోడ్ టెస్టులో వైరస్ కనిపించడం లేదు. కానీ సీడీ4 కౌంట్ మాత్రం 200 దగ్గరే ఆగిపోయింది. ఇలాంటి రిపోర్ట్ చేతికొస్తే ఎవరికైనా కంగారే. మందులు పనిచేయట్లేదా అన్న అనుమానం వస్తుంది. అసలు విషయం ఏంటంటే..

రెండు టెస్టులు.. రెండు లెక్కలు

రక్తంలో వైరస్ ఎంతుందో వైరల్ లోడ్ చెబుతుంది. రోగనిరోధక కణాలు ఎన్ని ఉన్నాయో సీడీ4 చెబుతుంది. ఆరోగ్యవంతుల్లో మైక్రోలీటర్ రక్తంలో ఇవి సుమారు 500 నుంచి 1500 వరకు ఉంటాయి. ఏఆర్‌టీ మందులు వైరస్ పెరగకుండా అడ్డుకుంటాయి. అంతేగానీ పోయిన కణాలను తయారు చేయవు. ఆ పని శరీరమే చేసుకోవాలి. సుమారు 10 నుంచి 40 శాతం మందిలో అది ఆశించినంతగా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి.

కారణాలు ఇవీ..

ఆలస్యం: సీడీ4 బాగా పడిపోయాక చికిత్స మొదలుపెడితే కోలుకోవడం కష్టం. అందుకే మన దేశంలో 2017 నుంచి కౌంట్ ఎంతున్నా పాజిటివ్ అని తేలిన వెంటనే మందులు ఇస్తున్నారు.

వయసు: కొత్త టీ కణాలు ఛాతీ ఎముక వెనకున్న థైమస్ గ్రంథిలో తయారవుతాయి. వయసు పెరిగే కొద్దీ ఇది కుంచించుకుపోతుంది.

లింఫు గ్రంథులు: ఏళ్ల తరబడి వాపు వల్ల వీటిలో మచ్చ కణజాలం పేరుకుంటుంది. దాంతో కణాలు బతికే చోటే దెబ్బతింటుంది.

పేగులు: ఇన్ఫెక్షన్ సోకిన తొలి వారాల్లోనే పేగు గోడలోని సీడీ4 కణాలు భారీగా నశిస్తాయి. ఆ గోడ నుంచి బ్యాక్టీరియా పదార్థాలు రక్తంలోకి లీకవుతాయి. రోగనిరోధక వ్యవస్థ ఎప్పుడూ అలర్ట్‌లోనే ఉండి అలసిపోతుంది.

ఇతర జబ్బులు: టీబీ, హెపటైటిస్ సీ, కొన్ని మందులు కూడా కౌంట్‌ను తగ్గిస్తాయి.

పెంచే మందు ఉందా?

ప్రస్తుతానికి లేదు. ఇంటర్‌ల్యూకిన్-2 ఇంజెక్షన్‌ను ఐదు వేల మందికి పైగా పరీక్షించి, 2009లో ఫలితాలు వెల్లడించారు. కౌంట్ పెరిగింది కానీ జబ్బులు, మరణాలు తగ్గలేదు. ఉన్న మందులకు ఇంకో ఏఆర్‌టీ మందు కలిపినా పెద్దగా లాభం కనిపించలేదు. కాబట్టి సీడీ4 పెంచుతామంటూ అమ్మే పొడులు, టానిక్‌లను నమ్మి డబ్బులు పోగొట్టుకోవద్దు.

మందులు ఆపేయొచ్చా?

అస్సలు వద్దు. సీడీ4 చూసుకుంటూ మధ్యమధ్యలో మందులు ఆపినవాళ్లలో జబ్బులు, మరణాలు పెరిగాయని 2006లో వెలువడ్డ స్మార్ట్ ట్రయల్ తేల్చింది. కౌంట్ పెరగకపోయినా వైరస్‌ను అణచి ఉంచడమే పెద్ద రక్షణ. వైరస్ టెస్టులో కనిపించనంతగా తగ్గి, అలాగే కొనసాగితే లైంగికంగా ఇతరులకు సోకదు కూడా.

ఏం చేయాలి?

200 కంటే తక్కువ ఉంటే న్యుమోనియా, టీబీ, మెదడు పొరల ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువ. డాక్టర్ చెప్పేదాకా కోట్రైమోక్సజోల్ మాత్ర ఆపొద్దు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, విపరీతమైన తలనొప్పి కనిపిస్తే వెంటనే ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లాలి. పొగతాగడం మానేయాలి. సందేహాలుంటే 1097 హెల్ప్‌లైన్‌కు ఉచితంగా కాల్ చేయొచ్చు.