బొగ్గుట్ట దారిలో ఎవరూ రాయని నవల

ఈ దేశంలో పుస్తకాల దుకాణాలకు వెళ్ళే అలవాటున్న మన సభ్యులకు ఒక రకం నవలలు కొత్త కావు. అట్ట మీద నేలను తాకే గౌను తొడుక్కున్న అమ్మాయి, వెనక కొండలు, ఆ కొండల మధ్య ఒక చిన్న చర్చి. కథ కూడా ఇంచుమించు తెలిసిందే. తూర్పున పట్నంలో కలిగినవారింట పుట్టిన పిల్ల ఎక్కడో మారుమూల గనుల ఊరికి బడిపంతులమ్మగా వెళ్తుంది. అక్కడ మొరటు మనుషులు, గనిలో ప్రమాదం, మొగుళ్ళను పోగొట్టుకున్న ఆడవాళ్ళు, విషజ్వరాలు. దేవుడి మీద ఆమె నమ్మకం సడలుతుంది, మళ్ళీ కుదుటపడుతుంది. చివరికి పెళ్ళి. ఇవి చూసి మనలో కొందరు నవ్వుతారు. వారపత్రికల సీరియళ్ళు చదువుతూ పెరిగిన మనకు నవ్వే హక్కు అంతగా లేదనుకోండి.

ఈ నవలల వంశవృక్షంలో ఒక ముఖ్యమైన కొమ్మ మన షాంటిలీకి చాలా దగ్గరలో ఉంది. ఇక్కణ్ణించి కారులో గంట లోపు వెళ్ళగలిగిన లౌడన్ కౌంటీలో లింకన్ అనే చిన్న ఊరుంది. కేథరిన్ మార్షల్ అనే రచయిత్రి కొంతకాలం ఆ ఊళ్ళో ఎవర్‌గ్రీన్ ఫార్మ్ అనే ఇంట్లో నివసించారు. ఆవిడ 1967లో ప్రచురించిన ‘క్రిస్టీ’ లక్షల మంది చదివిన నవల. పందొమ్మిదేళ్ళ క్రిస్టీ 1912లో టెనెసీ కొండల్లోని మిషన్ బడికి పాఠాలు చెప్పటానికి వెళ్తుంది. ఇది పూర్తిగా కల్పన కాదు. రచయిత్రి తల్లి లియొనోరా విటకర్ 1909లో అలాంటి బడికే వెళ్ళింది. అసలు కథలో ఆవిడ అక్కడి బోధకుణ్ణి పెళ్ళాడింది. నవలలో మాత్రం కథానాయిక మనసు చివరికి డాక్టరు వైపు మొగ్గుతుంది. ఈ దేశంలో క్రైస్తవ నవలలకు ఇచ్చే బహుమతులకు ‘క్రిస్టీ’ పేరే పెట్టారు.

‘క్రిస్టీ’లో ఉన్నవి కొండలు, గనులు కావు. గనుల ఊరు తరవాత వచ్చింది. కెనడా రచయిత్రి జానెట్ ఓక్ 1983లో రాసిన ‘వెన్ కాల్స్ ద హార్ట్’ను 2014లో హాల్‌మార్క్ వారు టెలివిజన్ ధారావాహికగా తీసినప్పుడు కథను బొగ్గుగనుల ఊళ్ళో నడిపించారు. ప్రమాదంలో భర్తలు పోయిన ఆడవాళ్ళతోనే ఆ కథ మొదలవుతుంది. దానికి ఆధారం వెతకటానికి దూరం పోనక్కరలేదు. మన పొరుగున పశ్చిమ వర్జీనియాలో మొనోంగా గని 1907 డిసెంబరు 6న పేలింది. అధికార లెక్క ప్రకారమే 362 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఇటలీ నుంచి వలస వచ్చిన కూలీలు. నవలలో అది ఒక ప్రకరణం. అక్కడి ఆడవాళ్ళకు మాత్రం మిగతా జీవితమంతా అదే.

ఇంతకీ 1909 అన్నాను. లియొనోరా టెనెసీ కొండలెక్కిన ఆ సంవత్సరమే, మన తెలుగుదేశంలో, నిజాం రాజ్యపు తూర్పు అంచున ఉన్న డోర్నకల్‌కు మరొక పరాయి మనిషి చేరుకున్నాడు.

ఆ ప్రాంతాన్ని కాస్త చెప్పుకోవాలి. భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కులు సంపాదించింది. 1889లో తవ్వకం మొదలైంది. పక్కనున్న సింగరేణి గ్రామం పేరు కంపెనీకి దక్కింది. ఊరికి మాత్రం జనం బొగ్గుట్ట అని పేరు పెట్టుకున్నారు. ఆ బొగ్గు కోసం అడవిలోంచి వేసిన రైలు శాఖ పెద్దలైనులో కలిసే చోటు డోర్నకల్. అడవి, రైలు, గని, నాలుగు దిక్కుల నుంచి పొట్ట చేత పట్టుకొచ్చిన జనం. ఆ నవలలకు కావలసిన సరంజామా అంతా ఇక్కడా ఉంది.

వచ్చిన మనిషి పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునల్వేలి జిల్లాలో పుట్టిన తమిళుడు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో నడుపుకోవటానికి ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. దాని స్థాపకుల్లో ఆయన ముఖ్యుడు. ఆ సంఘం ఎంచుకున్న చోటు డోర్నకల్. ఆయన మన భాష నేర్చుకుని, పల్లెలు తిరిగి పని సాగించారు. 1910లో ఎడింబరో మహాసభలో తెల్లదొరల ఎదుట నిలబడి, మీ త్యాగాలకు కృతజ్ఞులమే గాని మాకు కావలసింది స్నేహం అన్న అర్థం వచ్చేలా మాట్లాడి సభను ఇబ్బందిలో పెట్టారు. 1912 డిసెంబరు 29న, అంటే నవలలో క్రిస్టీ కొండలెక్కిన ఏడాదే, కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తులయ్యారు.

మరి ప్రేమకథ? అదీ ఉంది. 1898లో కట్నం పుచ్చుకోకుండా ఆయన అన్బు మరియమ్మాళ్‌ను పెళ్ళి చేసుకున్నారు. ఆవిడ ఆ రోజుల్లోనే కాలేజీ చదువు చదివింది. డోర్నకల్‌లో బోధకులుగా తయారయ్యే మగవాళ్ళతో పాటు వాళ్ళ భార్యలకు కూడా శిక్షణ ఇచ్చేవారు. ఆడవాళ్ళ మధ్య సాగిన పనిలో అన్బు అజరయ్య గారి పాత్ర చాలా ఉంది. కాకపోతే ఈ కథలో పెళ్ళి ఆఖరి పేజీలో కాక మొదటి పేజీలో వస్తుంది. తరవాత నలభై ఏళ్ళకు పైగా సంసారం, పని.

అసలు తేడా వేరే చోట ఉంది. నవలల్లో వెలుగు ఎప్పుడూ బయటి నుంచే వస్తుంది. ఊరివాళ్ళు దాని కోసం కాచుకుని కూర్చుంటారు. డోర్నకల్‌లో జరిగింది అది కాదు. ఊరబావి నీళ్ళకు, గుడి గడపకు దూరంగా ఉంచబడ్డ మాలలు, మాదిగలు తమంతట తామే ఒక పల్లె నుంచి మరొక పల్లెకు, చుట్టాల నుంచి చుట్టాలకు ఆ మాట మోసుకుపోయారు. 1912లో యాభై వేల పైచిలుకు ఉన్న ఆ అధ్యక్షమండలి జనం 1940ల నాటికి రెండు లక్షలు దాటారు. ఇంతమందిని ఒక్క బిషప్పు కదిలించలేడు. వాళ్ళే కదిలారు.

అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. చర్చిలో చేరినంత మాత్రాన మాల మాదిగల మధ్య దూరం చెరిగిపోలేదు. 1930లలో మతమార్పిడుల విషయంలో గాంధీగారికీ అజరయ్యగారికీ గట్టి విభేదం వచ్చింది. ఇద్దరి వాదాల్లోనూ ఆలోచించదగ్గ బలం ఉంది. 1939లో పూర్తయిన డోర్నకల్ పెద్దచర్చిలో గుడి స్తంభాలూ ఉన్నాయి, మసీదు గుమ్మటాలూ ఉన్నాయి. దాన్ని చూస్తే ఆయన తన మతాన్ని ఈ నేలలో నాటాలని ఎంత తపించారో తెలుస్తుంది. 1945 జనవరి 1న అక్కడే కన్నుమూశారు.

ఇంత కథ ఉండి, తెలుగులో దీని మీద ‘క్రిస్టీ’ లాగా ఇంటింటా చదివిన నవల లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ 1922లో వచ్చింది. ఆ దారి డోర్నకల్ దాకా, బొగ్గుట్ట దాకా సాగలేదు. కారణం ఊహించటం కష్టం కాదు. నవలలు రాసే చదువు ఒక వాడలో ఉంది, ఈ కథ మరొక వాడలో జరిగింది. లియొనోరాకు ఆ బతుకును నవలగా రాయగల కూతురు ఉంది. బొగ్గుట్టలో తట్ట మోసిన తల్లి కథను బిడ్డలు పొయ్యి దగ్గర విన్నారు. కాని అచ్చువేసే వాళ్ళు ఆ గుడిసెలోకి తొంగి చూడలేదు.

మన పిల్లలు ఇక్కడి బళ్ళలో కొత్త నేలకు బండ్లు కట్టుకుని పోయిన వారి కథలు చదువుతారు. చదవనివ్వండి, మంచి కథలే. కాని సాహసం చేసినవాళ్ళు గౌన్లు, టోపీలు వేసుకున్నవాళ్ళు మాత్రమే అనుకుంటూ పెరగకూడదు. ఇల్లందు, మానుకోట, ఖమ్మం ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు మన మధ్య ఉంటే, ఇంట్లో పెద్దవాళ్ళను ఒకసారి కూర్చోబెట్టి అడగండి. ఎవరు గనిలో దిగారు, ఎవరు బడి పెట్టారు, ఎవరు ఎవరిని ఎవరి మాట కాదని పెళ్ళాడారు? అన్నీ రాసి ఉంచండి. నవల తరవాత సంగతి.