చిత్రములు కల్పించు యంత్రముల శిక్షణ

శిష్యుడు నేర్చుకొనుటకు పరీక్షకుడు ఎట్టివాడై యుండవలెనను ప్రశ్న మన పాఠశాలలకు క్రొత్తది కాదు. ఈ ప్రశ్నయే గత దశాబ్దమున యంత్రమేధను నిర్మించు శాస్త్రజ్ఞులను గూడ వేధించినది. ఆ కథలో ఒక తెలుగువాని పాత్ర గలదు. అడ్డతీగల వంటి మన్యసీమవారు గ్రహింపవలసిన నీతియు గలదు.

2014లో కెనడాయందలి మాంట్రియల్ విశ్వవిద్యాలయమున ఇయాన్ గుడ్‌ఫెలో ప్రభృతులు ‘గాన్’ అను పద్ధతిని ప్రకటించిరి. ఇందు రెండు యంత్రములు పోటీపడును. జెనరేటరు లేని చిత్రమును కల్పించును. డిస్క్రిమినేటరు, అనగా తీర్పరి, చూపిన చిత్రము నిజమైనదో కల్పితమో చెప్పును. ఆ తీర్పును బట్టి మొదటిది తన్ను దిద్దుకొనును. ఊహ సొగసైనదే కాని సాధన కష్టమాయెను. తీర్పరి మిక్కిలి సమర్థుడైనచో ప్రతి చిత్రమును నిస్సంశయముగా త్రోసివేయును. ఎటు దిద్దుకొనవలెనో శిష్యునకు తోచదు. మరియొక చిక్కు గలదు: తీర్పరిని మోసగింపజాలు రెండు మూడు రూపములు దొరికినచో, శిష్యుడు వానినే వల్లించుచు తక్కిన వైవిధ్యమునెల్ల విడుచును.

2015లో ఆలెక్ రాడ్‌ఫర్డ్, ల్యూక్ మెట్జ్, హైదరాబాదున పెరిగి అమెరికాకేగిన సౌమిత్ చింతల అను మువ్వురు ఈ యంత్రముల కట్టుబడిని సంస్కరించి శిక్షణకు కొంత నిలుకడ గూర్చిరి. 2016లో టిమ్ సాలిమన్స్ ప్రభృతులు చిత్రములను ఒక్కొక్కటిగా గాక గుంపుగా పరీక్షించు ఉపాయమును చెప్పిరి. వల్లెవేత అందువలన బయటపడును. 2017లో మార్టిన్ ఆర్జోవ్‌స్కీ, చింతల, లియోన్ బొట్టూ ‘వాసర్‌స్టైన్ గాన్’ను వెలువరించిరి. ఇందు తీర్పరి ‘ఒప్పు, తప్పు’ అనుట మాని, కల్పన నిజమునకు ఎంత దూరమున నున్నదో కొలుచును. ఒక మట్టికుప్పను వేరొక కుప్ప రూపమునకు తెచ్చుటకు ఎంత మట్టిని ఎంత దూరము మోయవలెనో లెక్కించుట వంటిదీ కొలత. తీర్పరి ఎంత నేర్పరియైన శిష్యునకు అంత మేలు. అదే యేట టెరో కరాస్ బృందము చిన్న చిత్రముతో నారంభించి క్రమముగా పెంచి, నిలువున 1024, అడ్డమున 1024 చుక్కలుగల ముఖములను కల్పింపజేసెను. 2021లో డిఫ్యూషన్ అను వేరొక పద్ధతి గాన్‌ను మించినట్లు ప్రకటితమైనది.

ఐనను ఈ చరిత్రలోని పాఠము మాసిపోలేదు. అడ్డతీగల పరిసరములందు కొండరెడ్లు, కోయదొరలు నివసించుదురు. వారి ముఖములు, ఇండ్లు, సంతలు యంత్రమునకు చూపు చిత్రసంచయములలో అరుదైనచో, యంత్రము వానిని విడిచినను తీర్పరి అడుగడు. వచ్చిన చిత్రము నమ్మదగినదా యని చూచుటయే వాని పని. రాని చిత్రమును గూర్చి వానికి చింత లేదు. గుంపుగా చూచుట వలన ఈ లోపము కొంత తగ్గును. కాని సంచయముననే లేనిదానిని ఏ శిక్షణయు తేజాలదు. కావున శిక్షణను సంస్కరించువారు సంచయమును గూడ సంస్కరింపవలెను. అందు ఎవరెవరు లేరో ముందుగా లెక్కింపవలెను.

మన తరగతి గదులకును ఇదియే వర్తించును. తప్పని కొట్టివేసిన గీత బాలునకు ఏమియు నేర్పదు. ఎంత దూరమున నున్నాడో, ఎటు నడువవలెనో చెప్పిన మాటయే నేర్పును. ఆ మాట చెప్పుటకు ముందు, హాజరుపట్టీలో ఏ బాలుని పేరు లేదో చూచుకొనుట మన విధి.