ఉప్పుగాలి తీరంలో అంబాసిడర్ తీగలు

భారతదేశపు రోడ్లపై అర్ధశతాబ్దికి పైగా తిరిగిన అంబాసిడర్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణికి మారురూపం కావడంతో, ఉక్కు ఒంటితో పాటు తీగల అల్లికను, వాటి రంగుల క్రమాన్ని కూడా బర్మింగ్‌హామ్‌లోని జోసెఫ్ లూకాస్ కంపెనీ పద్ధతి నుంచే తెచ్చుకుంది. కలకత్తా సమీపంలోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివరలో మొదలుపెట్టిన ఈ కారు తయారీ 2014 మేలో ఆగింది. 1961లో ఏర్పడిన లూకాస్-టీవీఎస్ కంపెనీ మద్రాసు శివారులోని పాడిలో డైనమోలు, సెల్ఫ్ మోటార్లు, డిస్ట్రిబ్యూటర్లు తయారు చేయసాగడంతో, ఆ ఆంగ్లేయ పద్ధతి దక్షిణాది షెడ్లలో పనిచేసేవారి చేతికి బాగా అలవాటైంది.

ఆ పద్ధతిలో ప్రతి దీపానికీ, ప్రతి మోటారుకూ బేటరీ నుంచి వెళ్లే తీగ ఒకటే ఉంటుంది. కరెంటు తిరిగి బేటరీకి చేరడానికి కారు ఒళ్లే దారి కాగా, ఆ దారిని ‘ఎర్త్’ అంటారు. రాగి ఖర్చును, అల్లిక బరువును తగ్గించిన ఈ ఏర్పాటు తయారీదారుకు లాభసాటిదే అయినా, దీపం బుడ్డి రేకుకు తగిలే చోటు, రేకు చాసిస్‌కు బిగిసే మర, బేటరీ పట్టీ చివర అనే మూడు నాలుగు అతుకుల శుభ్రత మీద మొత్తం వలయం ఆధారపడేలా చేసింది. పాత కారులో వచ్చిపోయే విద్యుత్ లోపాల్లో అధికభాగం పరికరాల్లో కాక ఈ అతుకుల్లోనే పుడుతుంది.

పులికాట్ సరస్సు ఉత్తరపు కొసకు సమీపంలో ఉన్న చిట్టమూరు ప్రాంతంలో, అంటే 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మారిన ఈ తీరమండలంలో, అతుకులకు శత్రువు గాలిలోనే ఉంటుంది. సముద్రం మీదుగా వచ్చే సన్నని ఉప్పుకణాలు రేకు సందుల్లో, డిస్ట్రిబ్యూటర్ మూత మీద పేరుకుంటాయి. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటగానే ఉప్పు ఆ తేమను పీల్చి కరిగి, కరెంటును పారనిచ్చే పలచని పొరగా మారుతుంది. అందుకే తెల్లవారుజామున మొరాయించిన ఇంజను, ఎండెక్కి పొర ఆరాక ఏమీ ఎరగనట్టు అందుకుంటుంది. లోపం కనబడని ఆ మధ్యాహ్నం వేళకే బండి షెడ్డుకు చేరుతుంది. రాత్రిళ్లు ఆ తడి రాగికి చిలుమును, ఉక్కుకు తుప్పును పట్టిస్తూ పోతుంది కనుక, ఇవాళ అప్పుడప్పుడూ కనిపించే లోపం రేపటికి స్థిరపడుతుంది.

మీటరు మోసం చేసేది కూడా ఇక్కడే. హెడ్‌లైట్లు ఆర్పి ఉండగా, చిలుము పట్టిన అతుకుకు అవతల మీటరు పెడితే అది పూర్తి 12 వోల్టులూ చూపిస్తుంది. ఎందుకంటే మీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ, అంత తక్కువ కరెంటుకు అతుకులోని నిరోధం అడ్డు చెప్పదు. అదే 45 వాట్ల బల్బులు రెండు వెలిగించి, ఆ అతుకు నిరోధం 0.3 ఓములే అనుకుని లెక్కవేస్తే, సుమారు 2 వోల్టులు అక్కడే ఖర్చై బల్బుకు 10 మాత్రమే మిగులుతాయి. వోల్టు తగ్గేకొద్దీ బల్బు కాంతి చాలా వేగంగా పడిపోతుంది కాబట్టి వెలుగు దాదాపు సగమవుతుంది. కనుక దీపం వెలుగుతూ ఉండగానే, బేటరీ ఎర్త్ కొస మీద మీటరు ఒక మొన, దీపం బుడ్డి ఒంటి మీద మరొక మొన పెట్టి, వాటి మధ్య ఎన్ని వోల్టులు పోతున్నాయో చూడాలి. ‘పడిపోయిన వోల్టేజీ’ పరీక్ష అనే ఈ పద్ధతిలో అర వోల్టు దాటిన చోటు అనుమానించదగ్గది. మొనను ఒక్కో అతుకు దాటిస్తూ పోతే దొంగ అతుకు తనంత తానే బయటపడుతుంది. కొత్త సామాను కొని ఒక్కొక్కటీ మార్చిచూసే అలవాటు కన్నా ఈ ఒక్క కొలత ఎంతో మేలైనది, ఎందుకంటే మార్చే క్రమంలో తీగ కదిలి లోపం కొన్నాళ్లు మాయమైతే, కొత్త సామానే దాన్ని తీర్చిందన్న తప్పుడు నమ్మకం కలుగుతుంది.

ఇంజను విషయం ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. అది రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది కనుక, వంద ఆంపియర్లకు మించి లాగే సెల్ఫ్ మోటారు కరెంటు చాసిస్‌కు తిరిగి రావాలంటే అల్లిన రాగిపట్టీ ఒకటి తప్పనిసరి. అది తెగినా వదులైనా కరెంటు చోక్ తీగ గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు చోక్ తీగ కాలితే పట్టీని చూడాలని అర్థం.

వేడితో వచ్చే లోపం వేరే జాతిది. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు విడిపోయేటప్పుడు వాటి మధ్య నిప్పు రాకుండా, కాయిల్‌లోని కరెంటు ఠక్కున ఆగేలా చేసేది కండెన్సర్. కాగితం, లోహపు రేకు కలిపి చుట్టిన ఈ చిన్న డబ్బాలో లోపలి అతుకు వేడికి వదులైతే, కొంతదూరం నడిచాక బండి ఆగి, చల్లారాక మళ్లీ కదులుతుంది. చల్లటి షెడ్డులో దీన్ని పరీక్షించడం వృథా; హెయిర్ డ్రైయర్‌తో కండెన్సర్‌ను వేడిచేస్తూ పాయింట్ల మధ్య నిప్పు పెరుగుతోందా అని చూడాలి. తడివల్ల వచ్చే లోపానికి నీళ్లు చిలకరించి, కుదుపువల్ల వచ్చేదానికి తీగల కట్టను చేత్తో వంచి, లోపాన్ని మళ్లీ పుట్టించాక గాని మరమ్మతు మొదలుపెట్టకూడదు.

ఆ కాలపు బ్రిటిష్ కార్లలో చాలావాటికి రెండే ఫ్యూజులు ఉండేవి, హెడ్‌లైట్లకు అసలు ఫ్యూజే లేదు. కాబట్టి కట్టను వంచి చూసేటప్పుడు బేటరీ పక్కనే ఒకరు పట్టీ విప్పడానికి సిద్ధంగా నిలబడటం మంచిది. లూకాస్ రంగుల క్రమంలో గోధుమరంగు తీగ ఫ్యూజు లేకుండా నేరుగా బేటరీ నుంచి వచ్చేది, తెలుపు ఇగ్నిషన్ తాళం తిప్పాక కరెంటు అందుకునేది, ఆకుపచ్చ ఫ్యూజు దాటినది, నలుపు ఎర్త్. ఈ నాలుగూ గుర్తుంటే చాలా వెతుకులాట తప్పుతుంది. దోషం దొరికాక అతుకు విప్పి, రంగు గీకి, మెరిసే లోహానికి మెరిసే లోహం తగిలేలా బిగించి, ఆ తరువాతే పైన వాజలిన్ పూయాలి. ఈ తీరంలో ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి కనుక, ఆ పని సెప్టెంబరులోనే ముగించి, డిస్ట్రిబ్యూటర్ మూత లోపల సన్నని నల్లగీతలు పడ్డాయేమో చూసి, పడి ఉంటే మూతను మార్చాలి.